పెరటి తోటలో మిడతలు: నేను ఆలస్యంగా చూసిన చోటు

చిక్కుడు గింజలు మొలిచి, మొదటి జత ఆకులు విచ్చుకున్న మూడో రోజున వెళ్ళి చూస్తే, ఆకుల చోట ఈనెలు మాత్రమే మిగిలి ఉన్నాయి. పక్క మడిలో మొక్కజొన్న మొలకలు సగానికి తెగి ఉన్నాయి; ఉల్లి నారు కొసలను ఎవరో గోటితో గిల్లినట్టుంది. ఇది నత్తల పనో, గొంగళి పురుగుల పనో అని నాకు నేనే తీర్పు చెప్పుకుని, వరుసగా మూడు రాత్రులు టార్చి పట్టుకుని మడుల మధ్య వంగి వంగి తిరిగాను. ఒక్క నత్త కూడా కనిపించలేదు. నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం వేరే పని మీద పెరట్లోకి వెళ్ళినప్పుడు, చిక్కుడు పాదు మీద గోధుమ రంగు మిడత ఒకటి తాపీగా ఆకు అంచును కొరుకుతూ కనిపించింది. మిడతంభొట్లుకు కనీసం అదృష్టమైనా కలిసి వచ్చింది. నా జోస్యం మాత్రం మూడు రాత్రుల నిద్రను పాడుచేసి ఊరుకుంది. తోటల్లో కనిపించే మిడతలు చాలావరకు ఎండ కాస్త ఎక్కిన తరువాత, పగటిపూట మేస్తాయి. రాత్రివేళ అవి కాడల మీద, కొమ్మల చివర్ల మీద కదలకుండా పట్టుకుని ఉంటాయి; నేనేమో నేల మీద, ఆకుల అడుగున వెతుకుతున్నాను.

అందుకే మందుల ప్రసక్తి కంటే ముందు, తిన్నది ఎవరో పోల్చుకోవడం గురించి చెప్పాలి. మిడత ఆకును అంచు నుంచి లోపలికి, చింపినట్టుగా వంకరటింకరగా కొరుకుతుంది. ఆకలి ఎక్కువైతే మెత్తని భాగమంతా తినేసి నడిమి ఈనెను వదిలేస్తుంది. నత్త తిరిగిన చోట ఎండిన జిగురు చార మెరుస్తుంది. గొంగళి పురుగు అయితే ఆకు మీద దాని విసర్జన ఉండలు ఉంటాయి, కాసేపు ఓపికగా వెతికితే పురుగే దొరుకుతుంది. ఆకు అంచున కత్తెరతో కోసినట్టు చక్కని అర్ధచంద్రాకారపు కోతలు ఉంటే అది ఆకుకోత తేనెటీగ పని. అది ఆకును తినదు, గూటికి పరుపుగా తీసుకుపోతుంది, పైగా పూలకు పరాగాన్ని చేరుస్తుంది కనుక దాని జోలికి వెళ్ళకూడదు. పురుగు కంటపడితే మీసాలను చూడాలి. మిడతకు మీసాలు పొట్టిగా, ఒంటి పొడవులో సగం కూడా లేకుండా ఉంటాయి. మీసాలు దారాల్లా సన్నగా, ఒంటిని మించి పొడవుగా ఉంటే అది కీచురాయి బంధువు, చాలావరకు రాత్రివేళ తిరిగే జీవి. ఇక ముందు కాళ్ళను ముడుచుకుని దండం పెడుతున్నట్టు నిలబడే పురుగును చూసి మిడత అని చంపేవాళ్ళు ఉన్నారు. గొల్లభామ అనే పేరును ఒక్కొక్కరు ఒక్కొక్క పురుగుకు వాడటం వల్ల ఈ గందరగోళం మరింత పెరిగింది. ఆ దండం పెట్టే పురుగు ఆకు ముట్టదు, మిడత పిల్లలను పట్టి తింటుంది.

మిడత అనగానే మిడతల దండు గుర్తుకు వచ్చి భయపడేవాళ్ళకు ఒక మాట. దండుగా మారగలిగే జాతులు చాలా కొద్ది. ఒంటరిగా తిరిగే మిడతే, గుంపు దట్టమైనప్పుడు రంగూ నడతా మార్చుకుని దండులో భాగమవుతుందని, ఆ రెండూ వేర్వేరు జాతులు కావని 1921లో బోరిస్ ఉవరోవ్ అనే కీటక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. పెరట్లో చిక్కుడు ఆకు తినే సాధారణ మిడతలో ఆ గుణం లేదు. అది పది మందిని వెంటబెట్టుకు రావచ్చు గాని, ఆకాశాన్ని కప్పేయదు.

మిడతతో నాకు అసలైన పరిచయం దాని పుట్టుక గురించి చదివిన తరువాతనే కలిగింది. సీతాకోకచిలుకకు ఉన్నట్టు గూటిలో కదలకుండా ఉండే ప్యూపా దశ దీనికి లేదు. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పురుగు రెక్కలు లేని చిన్న మిడతలాగే ఉంటుంది, అయిదారు సార్లు కుబుసం విడుస్తూ పెరుగుతుంది, చివరి కుబుసం తరువాతనే ఎగరగలిగే రెక్కలు వస్తాయి. వాతావరణం వెచ్చగా ఉండి తిండి దొరికితే ఈ ఎదుగుదలకు సుమారు 40 నుంచి 60 రోజులు పడుతుంది. ఆ రోజులన్నీ పిల్ల పురుగు గెంతగలదే గాని ఎగరలేదు. మొదటి వారాల్లో పుట్టిన చోటికి చాలా దగ్గరలోనే మేస్తుంది. తల్లి మిడత తన పొట్ట చివరను మట్టిలోకి దింపి, కొద్ది సెంటీమీటర్ల లోతున గుడ్లను గుత్తిగా పెట్టి, వాటి చుట్టూ నురుగు వంటి ద్రవాన్ని వదులుతుంది. ఆ నురుగు గట్టిపడి మట్టిని అంటించుకుని గుడ్లకు ఒరలా మారుతుంది. ఒక్కో గుత్తిలో జాతిని బట్టి పది పదిహేను నుంచి వంద పైచిలుకు గుడ్లు, వడ్లగింజల్లా సన్నగా పొడవుగా, పక్కపక్కనే పేర్చి ఉంటాయి. చలి ఎక్కువగా ఉండే చోట్ల అవి చలికాలమంతా మట్టిలోనే ఉండి నేల వేడెక్కాక పొదుగుతాయి. వేడి ప్రాంతాల్లో చాలా జాతుల గుడ్లు వానలు పడి నేల తడిసేదాకా ఎదురుచూస్తాయి.

ఇక్కడ తోటమాలికి పనికివచ్చే అసలు విషయం ఏమిటంటే, తల్లి మిడత గుడ్లు పెట్టడానికి తరచూ తవ్వి గుల్ల చేసిన మడిని సాధారణంగా ఎంచుకోదు. కదలించని గట్టి నేల దానికి ఇష్టం: గట్లు, కంచె వెంట గడ్డి పెరిగిన పట్టీ, నడిచే బాట అంచులు, ఏడాదిగా ఎవరూ పార వేయని మూల. నేను మొదటి సంవత్సరమంతా మడులలో కాపలా కాశాను; పురుగు పుట్టింది మడులలో కాదు, నేను ఒక్కసారి కూడా వంగి చూడని కంచె వెంట.

ఆ సంవత్సరమే నేను చేసిన రెండో పొరపాటు ఇంకా పెద్దది. కంచె వెంట గడ్డిలో మిడతలు ఉన్నాయని తెలిసిన రోజున, కోపంతో గడ్డినంతా మొదలంటా కోసి పారేశాను. అప్పటికి చుట్టుపక్కల ఇంకెక్కడా పచ్చదనం లేని ఎండల కాలం. రెండు రోజుల్లో తోటలోని మిడతలు మూడింతలైనట్టు అనిపించింది. పక్క తోటలో పనిచేసే పెద్దాయన కంచె మీదుగా చూసి, “గడ్డి ఇప్పుడెందుకు కోశావయ్యా? వాటి కంచంలో కూడు లాగేస్తే నీ కంచంలోకి రాక ఎక్కడికి పోతాయి?” అన్నారు. గడ్డిని మిడత పిల్లలు పుట్టకముందు తీసేయాలి, లేదా అవి పెద్దవై వెళ్ళిపోయేదాకా అలాగే పచ్చగా ఉంచాలి. మధ్యలో కోయడం అంత చెడ్డ పని మరొకటి లేదని ఆ వారం నాకు అర్థమైంది. ఇప్పుడు కంచె వెంట ఒక పట్టీని కావాలనే వదిలి, ఎండలు ముదిరినప్పుడు దానికి కూడా నీళ్ళు పెడుతున్నాను. తోటకు పెట్టే నీళ్ళను మిడతలకు పోయడం ఏమిటని ఇంట్లోవాళ్ళు నవ్వుతారు గాని, అక్కడ మేత ఉన్నంతకాలం అవి మడుల వైపు తక్కువగా వస్తున్నాయి. పైగా పిల్ల పురుగులన్నీ ఒకే చోట ఉంటాయి కనుక పట్టడానికీ, మందు చల్లడానికీ అదే అనువైన స్థలం.

పట్టడం గురించి చెబితే చాలామంది పెదవి విరుస్తారు. చిన్న పెరటి తోటకు ఇంతకు మించిన పద్ధతి నాకు కనిపించలేదు, అయితే అది వేళ తెలిసి చేయాలి. మిడత ఒంటి వేడి బయటి వేడిని బట్టి మారుతుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు దాని కండరాలు బద్ధకంగా ఉంటాయి, గెంతడానికి బలం చాలదు. సూర్యుడు మడుల మీదికి రాకముందు ఒక బకెట్‌లో సబ్బు నీళ్ళు పోసుకుని వెళితే, మధ్యాహ్నం వేటాడినా దొరకనివి కూడా పండ్లు కోసినట్టు చేతికి వస్తాయి. సబ్బు ఎందుకంటే, ఉత్త నీళ్ళలో అవి తేలి ఈది గట్టెక్కుతాయి, సబ్బు కలిస్తే మునిగిపోతాయి. పట్టేటప్పుడు వెనుక కాలిని పట్టుకోకూడదు. కాలిని అక్కడే వదిలేసి మిగతా మిడత తప్పించుకుంటుంది. మెడ వెనుక గట్టి భాగాన్ని రెండు వైపులా వేళ్ళతో అదిమి పట్టాలి. అప్పుడు అది నోటి నుంచి గోధుమ రంగు ద్రవాన్ని కక్కుతుంది. బట్టకు మరక అవుతుంది తప్ప వేరే ప్రమాదమేమీ లేదు. పసుపు, నీలం, ఎరుపు వంటి కొట్టొచ్చే రంగులున్న మిడతలతో మాత్రం కొంచెం జాగ్రత్త అవసరం. జిల్లేడు మీద పెరిగే రంగుల మిడత ఆ మొక్క పాలలోని విషాన్ని తన ఒంట్లో దాచుకుంటుంది. దాని పిల్లలు ముట్టుకుంటే ద్రవాన్ని చిమ్ముతాయి కూడా. అటువంటివి కనిపిస్తే చేతికి తొడుగు వేసుకోవడం మంచిది.

నారు దశలో ఉన్న మొక్కలకు అడ్డు కట్టడం తప్పనిసరి. పదిహేను ఆకులున్న మొక్క రెండు ఆకులు పోగొట్టుకున్నా కోలుకుంటుంది, రెండే ఆకులున్న మొక్క కోలుకోదు. నేను మొదట పలుచని తెల్లని గుడ్డను కప్పాను. మిడతలు ఆ గుడ్డనే కొరికి రంధ్రాలు చేశాయి. లోపలికి వెళ్ళినవి బయటికి రాలేక అక్కడే విందు చేసుకున్నాయి. తరువాత కిటికీలకు దోమల కోసం బిగించే లోహపు వలను గూడులా వంచి కప్పాను. దానిని అవి కొరకలేవు. వల అంచులను మట్టిలో కప్పెట్టాలి, ఆకులు వలకు తగలకుండా చూడాలి. తగిలితే బయటి నుంచే తింటాయి. పూత మొదలైన తరువాత తేనెటీగలు రావాలి కనుక, కాయ కాయడానికి వాటి మీద ఆధారపడే మొక్కల మీద నుంచి వలను తీసేయక తప్పదు. అప్పటికి మొక్క బలపడి ఉంటుంది.

మిడతలకు కూడా ఇష్టాయిష్టాలు ఉన్నాయి. నా తోటలో చిక్కుడు, మొక్కజొన్న, ఉల్లి, క్యారట్, లేత ఆకుకూరలు ముందు పోతాయి. గుమ్మడి జాతి తీగలను, టమాటా ఆకులను ఇంకేమీ దొరకనప్పుడే ముట్టుకుంటాయి. జాతిని బట్టి ఇది మారుతుంది గాని, వలలు అన్నింటికీ చాలనప్పుడు దేనికి ముందు కప్పాలో తేల్చుకోవడానికి ఈ లెక్క ఉపయోగపడింది.

ఇక వేప. వేపకూ మిడతకూ ఉన్న వైరం పాతది. 1959లో సూడాన్‌లో ఎడారి మిడతల దండు దిగినప్పుడు చుట్టూ ఉన్న పచ్చదనం పోయినా వేపచెట్లు మాత్రం మిగలడాన్ని హైన్రిష్ ష్ముటరర్ అనే జర్మన్ కీటక శాస్త్రవేత్త గమనించారు. 1968లో వేప గింజల నుంచి అజాడిరక్టిన్ అనే పదార్థాన్ని వేరుచేసినప్పుడు, ఏ భాగంలో బలం ఉందో తెలుసుకోవడానికి పరీక్షకు వాడింది కూడా ఎడారి మిడతనే: దేనిని పూస్తే అది తినడం మానేస్తుందో చూశారు. అజాడిరక్టిన్ రెండు విధాలుగా పనిచేస్తుంది. ఒకటి, ఆకును రుచించకుండా చేయడం. రెండు, పిల్ల పురుగు కుబుసం విడవడాన్ని నడిపించే హార్మోన్లను చెడగొట్టడం. మొదటి గుణం అన్ని జాతుల మీదా ఒకేలా పనిచేయదు, కొన్ని మిడతలు వేప చల్లిన ఆకును కూడా తింటాయి. రెండో గుణం పిల్ల పురుగుల మీద మాత్రమే పనికివస్తుంది, ఎందుకంటే రెక్కలు వచ్చిన మిడత ఇక కుబుసం విడవదు. వేప మందు చల్లాను, మిడతలు చావలేదు అని వాపోయేవారిలో ఎక్కువమంది రెక్కల మిడతల మీద చల్లినవారేనని నా అనుమానం. మొదటి సంవత్సరం నేనూ ఆ జాబితాలో ఉన్నాను.

కషాయం తయారీ కష్టమేమీ కాదు. లీటరు నీటికి 50 గ్రాముల వేప గింజల పప్పును మెత్తగా దంచి, పలుచని గుడ్డలో మూట కట్టి, రాత్రంతా నీటిలో నాననివ్వాలి. మర్నాడు మూటను బాగా పిండి, నీటిని వడకట్టి, ఆకుకు పట్టుకోవడానికి కొద్దిగా సబ్బు కలిపి అదే రోజు వాడేయాలి. ఎండకు అజాడిరక్టిన్ త్వరగా విరిగిపోతుంది కనుక సాయంత్రం చల్లాలి, వారం పది రోజులకు ఒకసారి, వాన పడితే ఆ మర్నాడు, మళ్ళీ చల్లాలి. గింజలు దొరకని వారు లీటరుకు 5 మిల్లీలీటర్ల వేప నూనెను సబ్బుతో గిలకొట్టి వాడవచ్చు గాని, నూనె ఎండలో లేత ఆకులను మాడుస్తుంది. ముందు నాలుగు ఆకుల మీద చల్లి రెండు రోజులు ఆగి చూడటం మంచిది. నేను మడుల కంటే ముందు కంచె వెంట ఉన్న గడ్డి పట్టీ మీద చల్లుతాను. ఆవగింజలు గెంతుతున్నట్టు గడ్డిలో పిల్ల పురుగులు కనిపించిన వారంలోనే మొదలుపెడితే సగం పని అయిపోయినట్టే.

వెల్లుల్లి, పచ్చిమిరప కలిపిన కషాయాన్ని కూడా రెండు సార్లు చల్లాను. నాకు తుమ్ములు వచ్చాయి. మిడతలకు ఏమీ కాలేదు.

మిడతలకు జబ్బు తెప్పించే సూక్ష్మజీవులతో చేసిన మందులు కూడా ఉన్నాయి. నోసిమా లోకస్టే అనే సూక్ష్మజీవిని గోధుమ తవుడుకు పట్టించి ఎరగా చల్లే పద్ధతి 1980లో అమెరికాలో నమోదైంది. ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో మిడతల మీద మెటారైజియం అక్రిడం అనే శిలీంధ్రాన్ని వాడారు. ఇవి తేనెటీగలకు, పక్షులకు హాని చేయవు, కానీ నిదానంగా పనిచేస్తాయి. నోసిమా ముఖ్యంగా చిన్న పిల్ల పురుగుల మీదే ప్రభావం చూపుతుంది, ప్రభావం తెలియడానికి వారాలు పడుతుంది. నాలుగు మడుల తోటలో పక్క స్థలం నుంచి కొత్త మిడతలు ఎగిరి వస్తూనే ఉంటాయి కనుక, వీటిని ఇరుగుపొరుగు కలిసి వాడితేనే అర్థం ఉంటుంది.

రసాయన పురుగుమందుల గురించి ఎక్కువ చెప్పను. రెక్కల మిడతను చంపేంత ఘాటైన మందు పూల మీద వాలే తేనెటీగను కూడా చంపుతుంది, మిడతను తినే సాలీడునూ చంపుతుంది, ఆ తరువాత వచ్చే మిడతకు అడ్డు లేకుండా చేస్తుంది. తప్పదనుకున్నవారు కూడా తినే ఆకుల మీద కాక గడ్డి పట్టీ మీద, పిల్ల పురుగుల దశలో, లేబుల్ మీద ఆ వాడకానికి అనుమతి ఉంటేనే, అందులో చెప్పిన మోతాదులో వాడాలి.

మన తరఫున పనిచేసే జీవులను గుర్తించడం నాకు ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. పక్షులు, తొండలు, కప్పలు, సాలీళ్ళు అందరికీ తెలిసినవే. కోళ్ళను వదిలితే మిడతలను ఏరుకుని తింటాయి, కానీ మొలకలను కూడా కాళ్ళతో కెళ్ళగిస్తాయి. పంట తీసిన తరువాత వదలడమే క్షేమం. ఒకసారి పొడవైన గడ్డి పరక కొసన, తల పైకి పెట్టి, కాళ్ళతో కాడను కౌగిలించుకుని చచ్చి ఉన్న మిడత కనిపించింది. తీసి పారేయబోయి ఆగాను. ఒక శిలీంధ్రం సోకిన మిడతలు చావబోయే ముందు ఇలా ఎత్తుకు ఎక్కి కాడను పట్టుకుంటాయి, అక్కడి నుంచి ఆ శిలీంధ్రపు బీజాలు కింద ఉన్న మిడతల మీదికి రాలుతాయి. ఈ జబ్బు తేమగా ఉన్న సంవత్సరాల్లో ఎక్కువగా వ్యాపిస్తుంది. వరుసగా రెండు మూడు ఏళ్ళు పొడిగా గడిస్తే మిడతలు పెచ్చరిల్లడానికి ఇది కూడా ఒక కారణం. ఆ కళేబరాన్ని ముట్టుకోకుండా వదిలేశాను.

బ్లిస్టర్ పెంకుపురుగు సంగతి ఇంకా చిక్కైనది. ఆ పెంకుపురుగులు చిక్కుడు పూలను తినేస్తాయి, ఒంటికి తగిలి నలిగితే చర్మం బొబ్బలెక్కుతుంది. అయితే వాటిలో అనేక జాతుల పిల్లలు మట్టిలో మిడత గుడ్ల గుత్తులను వెతుక్కుని, వాటిని తినే పెరుగుతాయి. మిడతలు ఎక్కువైన మరుసటి ఏడు ఈ పెంకుపురుగులు ఎక్కువగా కనిపించడం అందుకే. పూలు పోతున్నాయని వాటినన్నింటినీ చంపాలా, గుడ్లు తింటాయని వదలాలా అన్నది నేను ఏటా కొత్తగా తేల్చుకోవలసి వస్తున్నది. ఇప్పటికి నేను చేస్తున్నది ఏమిటంటే, పూత మీద గుంపుగా ఉన్నవాటిని చేతికి తొడుగు వేసుకుని ఏరివేయడం, గట్ల మీద తిరిగేవాటిని చూడనట్టు పోవడం.

ఈ ఏడు చిక్కుడు కాసింది. ఆకులకు రంధ్రాలు లేవని కాదు, కాపు మాత్రం ఆగలేదు. మడులు ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి కనుక, నిన్న కంచె వెంట గట్టు పై పొరను పారతో తిరగేశాను. గుడ్లు పైకి వస్తే ఎండకు మాడతాయి, లేదా పక్షులు తింటాయి. నాలుగు గుత్తులు బయటపడ్డాయి. మట్టిపెళ్ళలనే అనుకుని ఒకదాన్ని వేళ్ళతో విడదీస్తే, లోపల వడ్లగింజల వంటి గుడ్లకు బదులు తెల్లని పెంకుపురుగు పిల్ల ఒకటి ముడుచుకుని ఉంది. దాన్ని మళ్ళీ మట్టిలో పూడ్చి, మిగిలిన మూడింటిని ఎండలో వదిలి వచ్చాను.